మూడొందల అరవై కిలోమీటర్లు, ఒక పంటు

మొదటి రోజు

"విమానంలో రాజమండ్రికి ఎన్ని కిలోమీటర్లురా?" టికెట్లు కొన్న రోజే నాన్న అడిగిన ప్రశ్న ఇది. టికెట్టు ఎంత, ఎంతసేపు పడుతుంది అని కాదు, ఎన్ని కిలోమీటర్లు అని. ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి మరి. కోనసీమలో ఏ ఊరి నుంచి ఏ రేవుకి ఎన్ని స్టేజీలో ఇప్పటికీ నోటికి చెప్తారు. విమానం టికెట్టు మీద చూస్తే కిలోమీటర్ల మాటే లేదు. బయల్దేరేది 6.35, చేరేది 7.45, మధ్యలో చిన్న అక్షరాల్లో గంటా పది నిమిషాలు. అంతే.

ఆ రాత్రి కూర్చుని నేనే లెక్క కట్టాను. శంషాబాద్ విమానాశ్రయం 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి 81.82 మీద. అక్షాంశం రెండింటికీ దాదాపు ఒకటే, ఒకటి 17.24, ఇంకోటి 17.11. ఇన్నేళ్లుగా తిరుగుతున్నా రాజమండ్రి హైదరాబాద్‌కి దాదాపు సరిగ్గా తూర్పున ఉందని అప్పుడే తెలిసింది. రైలెక్కితే విజయవాడ దాకా కిందికి దిగి మళ్లీ పైకి పోతాం కాబట్టి ఆగ్నేయం అనే అనుకునేవాణ్ణి. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు. ఉత్తరానికి వచ్చేకొద్దీ తగ్గుతూ, మన దగ్గర 106 అవుతుంది. తేడా 3.39 డిగ్రీలు. గుణిస్తే 360 వచ్చింది. విమానాల వాళ్ల నాటికల్ మైళ్లలో చెప్పాలంటే 194 చిల్లర, ఒక్కో మైలు 1.852 కిలోమీటర్లు.

"మూడొందల అరవై నాన్నా."

"అంతేనా? రోడ్డు మీద నాలుగొందల ఇరవై పైనే. రైలుకైతే అయిదొందలు." కాసేపాగి, "విమానం గంటకెంత పోతుంది?"

"ఈ చిన్న విమానమైతే అయిదొందలు."

"అయితే ముప్పావుగంటలో దించాలి కదా. గంటా పది ఎందుకు?"

ఇది కండక్టరు భాషలో చెప్తేనే ఎక్కుతుంది. బస్సు టైము డిపో ఔట్ నుంచి డిపో ఇన్ దాకా వేసుకున్నట్టే విమానం టైము కూడా. చక్రాల కింద అడ్డుపెట్టిన దిమ్మలు తీసినప్పుడు మొదలు, అక్కడ మళ్లీ దిమ్మలు పెట్టినప్పుడు ముగింపు. రన్‌వే దాకా నేలమీద నడక, ముందున్న విమానాల వెనక వరస, పైకెక్కేటప్పుడు నెమ్మది, దిగేటప్పుడు ఇంకా నెమ్మది, అన్నీ అందులోనే. పైగా గీత గీసినట్టు ఎగరదు, ఆకాశంలో గుర్తులు పెట్టుకున్న దారుల్లో పోతుంది. ఆలస్యమైతే సర్దుకోవడానికి నాలుగైదు నిమిషాలు కలిపి రాసుకుంటారు కూడా. చివరి మాటకి నాన్న నవ్వారు. "మేమూ అంతే. రావులపాలెంలో టీ టైము ఎప్పుడూ కలిపే ఉండేది."

ఈ ప్రయాణం మా పెద్దత్తయ్య కోసం. నాన్న కంటే ఎనిమిదేళ్లు పెద్దావిడ, నరసాపురంలో ఉంటుంది. కంటి ఆపరేషన్ అయిందని తెలిసిన దగ్గర్నుంచి నాన్నకి మనసు మనసులో లేదు. రాత్రంతా రైల్లో కూర్చోడానికి మోకాళ్లు సహకరించవు. సంక్రాంతికి ఊళ్లకి వెళ్లినవాళ్లంతా తిరిగొస్తున్న వారంలో మేం ఎదురు దిశలో బయల్దేరాం కాబట్టి విమానం టికెట్టు మాకు అందింది. లేకపోతే పండగ ముందు ఆ రేట్లు చూసి ఎవరైనా బస్సే ఎక్కుతారు.

నిజాంపేటలో ఇంటికి తాళం వేసేసరికి తెల్లవారుజామున 3.50. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు. నాన్న జేబులో చిన్న నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు ముక్క. ఉద్యోగంలో ఎస్.ఆర్. షీటు, అదే టికెట్ల లెక్కల కాగితం, రాసిన అలవాటు ఇంకా పోలేదు. "ఇల్లు 3-50. ఎయిర్‌పోర్ట్ 4-50. 45 కి.మీ." అని రాసుకున్నారు. అసలు ప్రయాణంలో ఎనిమిదో వంతు దూరానికి గంట ఖర్చయిందన్నమాట. ఆ తర్వాత అక్కడే గంటన్నర కూర్చోవడం. దాన్ని ఏ స్టేజీ కింద రాయాలో ఆయనకి తోచలేదు.

బస్సులో విమానం దగ్గరికి తీసుకెళ్లారు. ఏటీఆర్ 72. పెద్ద విమానాల్లా కాకుండా రెక్కలు నెత్తిమీద, వాటికి రెండు ప్రొపెల్లర్లు. తోక దగ్గరి తలుపే కిందికి వాలి మెట్లయింది. "ఫ్యాన్ల విమానమా!" అన్నారు నాన్న కొంచెం నిరుత్సాహంగా. లోపలికి వెళ్లాక ముఖం విప్పారింది. అటు రెండు, ఇటు రెండు సీట్లు, మధ్యలో నడవ. మొత్తం 78 మంది. "టూ ప్లస్ టూ. మన సూపర్ లగ్జరీయే."

6.41కి కదిలింది. 6.52కి నేల వదిలింది. పదిహేడు వేల అడుగుల మీద పోతామని పైలట్ చెప్పాడు. రెక్క పైన ఉండటం వల్ల కిటికీలోంచి కిందంతా అడ్డు లేకుండా కనిపిస్తుంది. చెరువులు, గుట్టలు, చీలిపోయిన పొలాలు. నాన్న మాట్లాడలేదు. ఏదో ఊరు కనిపించినప్పుడల్లా సూర్యాపేటా అని అడిగారు. తెలియకపోయినా రెండుసార్లు అవునన్నాను.

7.30 దాటాక కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పుడు చూస్తే నేల లేదు. కొండల నెత్తులు నాలుగైదు తేలుతున్నాయి, మిగతాదంతా తెల్లగా పరిచిన దూది. జనవరిలో గోదావరి మీద, కాలవల మీద, తడిసిన చేల మీద తెల్లవారేసరికి ఇలాగే మంచు పడుతుంది. మంచులో రన్‌వే కనబడటం లేదని, తెరిపి ఇచ్చేదాకా పైనే తిరుగుతామని పైలట్ చెప్పాడు. పక్క వరసలో ఒకావిడ దండకం మొదలుపెట్టింది. నాకూ టెన్షన్‌గానే ఉంది. నాన్న మాత్రం వేళ్ల కణుపులు లెక్కపెడుతున్నారు.

"ఏం లెక్క నాన్నా?"

"ఎండ ఇటు కిటికీలోంచి అటు కిటికీలోకి పోయి మళ్లీ ఇటొచ్చిందంటే ఒక రౌండు. మూడయ్యాయి."

ఇలా గాల్లో ఆగి ఉండే తిరుగుడికి ఒక పద్ధతి ఉంది. పరుగుపందెం మైదానంలా కోలగా, ఒక నిమిషం తిన్నగా, ఒక నిమిషం మలుపు, మళ్లీ ఒక నిమిషం తిన్నగా, మళ్లీ మలుపు. రౌండుకి నాలుగు నిమిషాలు. అయిదు రౌండ్లు కొట్టాం. నెమ్మదిగా తిరిగినా రౌండుకి ఇరవై కిలోమీటర్లు వేసుకోవచ్చు. అంటే ఇంకో వంద. మూడొందల అరవై కాస్తా నాలుగొందల అరవై అయింది. "బస్సు కంటే ఎక్కువ తిప్పాడ్రా" అన్నారు నాన్న, చిన్న సంతోషంతో.

8.04కి చక్రాలు నేల తాకాయి. గాల్లో ఉన్నది 72 నిమిషాలు. తిరుగుడు తీసేస్తే 52. బయటికొచ్చి, టాక్సీ మాట్లాడుకుని, నగరంలో గది చేరేసరికి 9.15. ఇంటి తాళం నుంచి గది తాళం దాకా అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు. నోటుబుక్కులో ఇవన్నీ ఎక్కాయి.

సాయంత్రం పుష్కర ఘాట్‌లో కూర్చున్నాం. ఎదురుగా పాత హేవలాక్ వంతెన స్తంభాలు. 1897లో కట్టడం మొదలై, 1900లో రైలు నడిచి, 1997లో ఆగిపోయింది. దాదాపు వందేళ్లు పనిచేసి రిటైరైందని నాన్న దానికేసి గౌరవంగా చూశారు. రోజ్ మిల్క్ తాగి పడుకున్నాం.

రెండో రోజు

రాజోలు దగ్గర మా బాబాయ్ ఊరు. మ్యాపులో రాజమండ్రి నుంచి తిన్నగా గీత గీస్తే 58 కిలోమీటర్లు. విమానం లెక్కన ఏడు నిమిషాలు. మాకు రోజంతా పట్టింది. తప్పు దారిది కాదు, నాన్నది. ప్రతి అయిదు కిలోమీటర్లకీ ఆపమంటారు.

హైవే మీద జొన్నాడ మీదుగా రావులపాలెం పోదామన్నాడు కారు కుర్రాడు. నాన్న ఒప్పుకోలేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగానే పోవాలన్నారు. "అలాగెళ్తే ఆలీసం అవుద్దండి." "అవనీయవయ్యా." "ఆయ్, మీ ఇష్టమండి."

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. ఇప్పుడున్న బ్యారేజీ దాని స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి 1982కి ముగించింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. తలుపులు మొత్తం 175. ఇక్కడి దాకా ఒక్కటిగా వచ్చిన గోదావరి ఈ కింద గౌతమి, వశిష్ఠలుగా విడిపోతుంది. తర్వాత వశిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. ఈ పాయల మధ్య ఇరుక్కున్నదే కోనసీమ. ఇక్కడ ఏ ఊరు ఎంత దూరం అనే ప్రశ్నకి ముందు, మధ్యలో ఎన్ని పాయలు అనే ప్రశ్న రావాలి. విమానాశ్రయంలో దిగిన కొత్తవాళ్లు మ్యాపు చూసి "ఇక్కడే కదా" అనుకునేది అందుకే బెడిసికొడుతుంది.

బొబ్బర్లంక దగ్గర నేలమీదికి దిగి కాలవగట్టు పట్టాం. ఒక పక్క కాలవ, ఇంకో పక్క అరటి, గట్టు మీద ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఈ కాలవలు నీళ్లకోసమే కాదు, పడవల కోసమూ తవ్వారు. బస్సులు రాకముందు ధాన్యమైనా పెళ్లివారైనా పడవలోనే. మా తాతగారి పెళ్లి పడవ రాత్రంతా లాకుల దగ్గర ఆగిపోయి ముహూర్తానికి రెండు గడియల ముందు చేరిందట. నాన్న ఈ కథ చెప్పడం ఇది ఎన్నోసారో.

ఆత్రేయపురంలో ఆగాం. పూతరేకులు కొనడం ఎవరైనా కొంటారు, చెయ్యడం చూడాలని నా కోరిక. ఒకావిడ వాకిట్లో కూర్చుని చేస్తోంది. కుండ బోర్లించి ఉంది, లోపల కొబ్బరాకుల మంట. పక్కన గిన్నెలో బియ్యప్పిండి నీళ్లు, పాల కంటే పల్చగా. చేతిలో తెల్లటి గుడ్డ. గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా చాపి, కుండ మీదుగా ఒక్క లాగు లాగింది. గుడ్డ అటుపోయేసరికి కుండమీద పొర మిగిలింది. మూడు లెక్కపెట్టేలోపు అంచులు లేచాయి. చేత్తో ఊడదీసి పక్కన పెట్టింది. వెలుతురుకి పట్టుకుంటే అవతల ఆవిడ గాజులు కనిపిస్తున్నాయి. నేనొకసారి చేస్తానంటే నవ్వి గుడ్డ ఇచ్చింది. నా రేకు కుండ మీద గారెలా ముద్దకట్టింది.

లొల్ల లాకులు చూసి, రావులపాలెంలో నాన్న పాత టీ కొట్టు వెతికి (లేదు, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం), కొత్తపేట, అంబాజీపేట మీదుగా పి.గన్నవరం చేరాం. అంబాజీపేటలో కొబ్బరికాయల రాశులు రోడ్డు దాకా వచ్చాయి.

గన్నవరం అక్విడక్టు దగ్గర నేను కారు ఆపించాను. కింద వైనతేయ, పైన కాలవ. నది మీదుగా నదిని దాటించడం. పాతదానికి 49 కమానులు, కాటన్ దొర కాలంలో ఇటుకతో, సున్నంతో కట్టింది. నూట యాభై ఏళ్ల దాకా అదే మోసింది. తర్వాత 2000లో పక్కనే కొత్తది వచ్చింది. పాతదాని మీద ఇప్పుడు రావి మొక్కలు మొలిచాయి. నాన్న దాని కింద నుంచుని పైకి చూస్తూ, "దీని మీంచి బస్సు పోతుంటే కిందున్న పడవ వాళ్లు చేతులూపేవారు" అన్నారు.

బాబాయ్ ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మీటరు 83 కిలోమీటర్లు చూపించింది.

మూడో రోజు

తెల్లవారుజామున మెలకువ వచ్చి ఫోను చూసుకుంటే ఆరూ నలభై. హైదరాబాద్‌లో ఈ వేళకి ఇంకా మసగ్గా ఉంటుంది. ఇక్కడ కొబ్బరి మట్టల మీద అప్పుడే ఎండ పడుతోంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 3.4 డిగ్రీలకి దాదాపు పదమూడున్నర నిమిషాలు ముందు పొద్దు పొడుస్తుంది ఇక్కడ. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. దేశమంతా వాడే టైము 82.5 డిగ్రీల రేఖది, అది కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. అంటే ఎండా, గడియారమూ ఇంచుమించు ఒకే మాట చెప్పేది ఈ చుట్టుపక్కలే. ఈ ముక్క బాబాయ్‌కి చెప్తే, "అందుకే మేం పెందలాడే లేస్తాం, మీరు ఆలస్యంగా లేస్తారు" అని పిన్నికేసి చూసి నవ్వాడు. పిన్ని అప్పటికే రెండు వాయిలు ఇడ్లీ దించింది.

అంతర్వేది వెళ్లి లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీళ్లు రెండు రంగుల్లో ఉన్నాయి. గాలికి నిలబడలేకపోయాం. మళ్లీ వెనక్కి సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి 10.50.

అవతల ఒడ్డున కనిపిస్తున్నది నరసాపురం. మోటారు సైకిలు మీద పోయే మనిషి కూడా తెలుస్తున్నాడు. మధ్యలో వశిష్ఠ, కిలోమీటరు అటూఇటూ. వంతెన లేదు. ఇక్కడ వంతెన వస్తుందన్న మాట నాన్న ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ వింటున్నారట. దాటాలంటే పంటు, అంటే బల్లకట్టే గతి. లేదా రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు తిరిగి రావాలి, నలభై కిలోమీటర్లు.

పంటు అప్పుడే అవతలికి బయల్దేరిపోయింది.

"చుట్టూ తిప్పేత్తానండి, గంటలో దింపేత్తాను" అన్నాడు కారు కుర్రాడు.

"నువ్వు అలా రా. మేం ఇలా వస్తాం. ఎవరు ముందో చూద్దాం" అన్నారు నాన్న. డెబ్బై ఆరేళ్ల మనిషి. నేను ఏమంటాను? కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. నోటుబుక్కులో 10-50 అని ఎక్కింది.

రేవులో తాటాకుల పాక, బెంచీ, పునుగులు వేయించే బాండీ. ఎదురుచూసేవాళ్లలో ఎవరికీ తొందరలేదు. ఒకావిడ గుడ్ల ట్రేలు పేర్చుకుని కూర్చుంది. ఇద్దరు పిల్లలు పుస్తకాల సంచులతో ఉన్నారు. గడ్డిమోపు వేసుకున్న ఆటో ఒకటి. నాన్న అయిదు నిమిషాల్లో అందరితోనూ వరసలు కలిపేశారు. పాతరోజుల్లో దిండి రేవులో ఆయన బస్సు ఇటు ఆగిపోయేది, జనం పంటెక్కి చించినాడలో దిగితే అక్కడ ఇంకో బస్సు సిద్ధంగా ఉండేది. వరదొస్తే పంటు కట్టేసేవారు, ప్రయాణికులు బస్సులోనే పడుకునేవారు. "నా డ్యూటీ రెండ్రోజులైంది ఒకసారి. ఇంటికెళ్తే మీ అమ్మ తలుపు తియ్యలేదు." అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ మాట తర్వాత ఆయన కాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు.

పంటు వచ్చింది. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కలిపి పైన చెక్కలు పరిచిన బల్లకట్టు, దాని పక్కన ఇంజను పడవ కట్టి ఉంది. ఒడ్డుకి తగలగానే గొలుసు వదిలారు, ఇనుప రేకు దభీమని మట్టిమీద పడింది. దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు ఎక్కేశారు. బళ్లు స్టాండు వెయ్యకుండా కాలితో ఆపుకుని కూర్చున్నారు. ఆటో చివర్న, గడ్డి నీళ్లమీదికి వేలాడుతూ. సరంగు బీడీ పారేసి ఇంజను తిప్పాడు. 11.30.

నది మధ్యకి వచ్చాక చెక్కల సందుల్లోంచి నీళ్లు కనిపిస్తున్నాయి, గోధుమరంగులో, ఉప్పువాసనతో. ప్రవాహానికి ఎదురుగా కొంచెం పైకి పోనిచ్చి, నీరు తోసినంత తోయనిచ్చి, సరిగ్గా రేవు మెట్టు దగ్గరికి తెచ్చాడు సరంగు. చుక్కాని మీద కాలు పెట్టుకుని పక్కవాడితో కబుర్లు చెప్తూనే. మొన్నటి పైలట్‌కి మంచు ఎలాగో ఇతనికి ఆటుపోట్లు అలాగ అనిపించింది. పన్నెండు నిమిషాలు పట్టింది. 11.42కి నరసాపురం రేవులో దిగాం.

కారు 11.55కి వచ్చింది. "పాలకొల్లు గేటు పడిందండి" అన్నాడు కుర్రాడు. నాన్న ఏమీ అనలేదు. టీ ఇప్పించారు.

పెద్దత్తయ్య వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. నల్ల కళ్లద్దాలు, ఒళ్లో దారపు ఉండ, చేతిలో అల్లిక సూది. ఆపరేషన్ అయి నెల కాలేదు, అల్లద్దన్నారు. "కంటితో అల్లుతానేంట్రా, చేత్తో అల్లుతాను" అంది. నాన్న చెయ్యి పట్టుకుని మణికట్టు దాకా తడిమింది. "చిక్కిపోయావురా తమ్ముడూ. ఏ బండిమీదొచ్చావు?"

"విమానంలో వచ్చానక్కా."

"ఎంతసేపు?"

"గంట."

నేను నోరు తెరవబోయాను. నాన్న నాకేసి చూసిన చూపుకి ఆగిపోయాను. అయిదు గంటల ఇరవై అయిదు నిమిషాలు, ఆ తర్వాత రెండు రోజులు, ఇవన్నీ నోటుబుక్కులోనే ఉండిపోయాయి. అత్తయ్య వీధిలో పోయే ప్రతివాళ్లకీ చెప్పింది, "మా తమ్ముడు హైదరాబాదు నుంచి గంటలో వచ్చాడు" అని.

నాలుగో రోజు

మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరాం. అక్కాతమ్ముళ్లు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, పెరట్లో ఉన్నాను.

ఈ రోజు మూడు పాయలు, మూడు వంతెనలు. చించినాడ దగ్గర వశిష్ఠ, బోడసకుర్రు దగ్గర వైనతేయ, ఎదుర్లంక దగ్గర గౌతమి. ఒక్కోటి నిమిషంలో దాటిపోతుంటే నాన్నకి అదో వెలితి. పాసర్లపూడి దాటేటప్పుడు 1995 గుర్తుచేశారు. ఆ జనవరిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రి సర్వీసుల్లో లోపల లైటు వెయ్యకుండానే టికెట్లు కొట్టేవారట.

ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది, బాలయోగిగారి పేరు పెట్టారు. అది దిగితే యానాం, కోనసీమ పోయి పుదుచ్చేరి వచ్చేస్తుంది. ఇక్కడి ఆఫీసు కాగితం పైకి పోవాలంటే పోవాల్సిన పుదుచ్చేరి ఇక్కడికి ఆకాశమార్గాన 590 కిలోమీటర్లు. హైదరాబాద్ మాకు దూరమని బాధపడ్డాను కానీ వీళ్ల రాజధాని ముందు ఎంత? ద్రాక్షారామంలో భీమేశ్వరుడి దర్శనం తలుపులు మూసే వేళకి దొరికింది. తాపేశ్వరం కాజాలు కట్టించుకుని రాత్రికి రాజమండ్రి.

అయిదో రోజు

మధురపూడిలో సామాను స్కాన్ చేశాక మా పెట్టె పక్కన పెట్టారు. "లోపల ఎండు కొబ్బరి ఉందాండీ?" ఉంది. పిన్ని నాలుగు కురిడీలు, బెల్లం ముక్కా పాత పంచెలో కట్టి పెట్టింది. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకోవచ్చని సామానులో వెళ్లనివ్వరు. అది రూలు, ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. కోనసీమ నుంచి కొబ్బరి లేకుండా వెళ్లడం ఏమిటన్నది నాన్న వాదన. చివరికి కురిడీలు కారు కుర్రాడికి ఫోన్ చేసి వెనక్కి పిలిచి ఇచ్చేశాం. పూతరేకులు మాత్రం ఒళ్లో పెట్టుకునే కూర్చున్నారాయన.

తిరుగు టికెట్టు మీద గంటా ఇరవై. అదే 360 కిలోమీటర్లకి పది నిమిషాలు ఎక్కువ. చలికాలంలో పైన గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తే వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. దానికి తోడు శంషాబాద్‌లో దిగడానికి వరస. "ఎదురుగాలిలో సైకిలు తొక్కినట్టే" అన్నారు నాన్న. ఈసారి మంచు లేదు. ఎగిరిన అయిదు నిమిషాలకే కింద గోదావరి, లంకలు, ఇసుక తిన్నెలు. బ్యారేజీ గీతలా కనిపించింది. దాని కిందే నది రెండుగా విడిపోవడం ఒక్క చూపులో తెలిసిపోయింది. నాన్న కిటికీ అద్దం మీద వేలితో ఏదో దారి గీసుకుంటూ పోయారు. రావులపాలెం, కొత్తపేట, గన్నవరం, రాజోలు అయి ఉంటుంది. విమానం కొంచెం వంగేసరికి వేలు అద్దం దాటిపోయింది.

5.10కి దిగాం. సామాను వచ్చేసరికి 5.40. టాక్సీ వరసలో నిలబడి కారెక్కేసరికి ఆరు దాటింది. ఔటర్ మీద ఎక్కడో లారీ ఆగి బళ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయి. ఆరు నలభైకి నాన్న ఫోన్ మోగింది. పెద్దత్తయ్య. స్పీకరు పెట్టారు.

"ఒరేయ్ తమ్ముడూ, స్నానం చేసి అన్నం తిన్నారా?"

"ఇంకా లేదక్కా."

"ఇంకా లేదేంట్రా, నాలుగింటికి ఎక్కుతానన్నావుగా? గంటే కదా?"

నాన్న నాకేసి చూశారు. ముందు బళ్ల ఎర్ర లైట్లు చూశారు. ఫోను చెవికి పెట్టుకుని, "స్నానానికే పోతున్నానక్కా" అన్నారు.